యాభై అయిదు, యాభై ఎనిమిది, అరవై రెండు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో వయోపరిమితి, మలివయసు పని

ఉపోద్ఘాతం

తెలుగులో వయసును సూచించే మాటల్లో కొన్ని అంకెను తమలోనే దాచుకొని ఉన్నాయి. ‘షష్టిపూర్తి’ అన్నప్పుడు అరవై కనిపిస్తుంది. ‘చత్వారం’ అన్నప్పుడు నలభై అంతగా కనిపించదు గాని, నలభైకి సంస్కృతంలో ఉన్న సంఖ్యావాచకమే ఆ మాటకు మూలం. దగ్గరి అక్షరం మసకబారే వయసుకు జనం పెట్టుకొన్న పేరది. ఈ రెండింటిలో ఏదీ మనిషిని పని మానమని చెప్పదు. షష్టిపూర్తి చేసుకొన్న రైతు మర్నాడు చేనికి పోతాడు. చత్వారం వచ్చిన కంసాలి అద్దాలు పెట్టుకొని మళ్ళీ కుంపటి ముందు కూర్చుంటాడు. ఫలానా తేదీన ఫలానా మనిషి పనికి చెల్లడని నిర్ణయించే అంకె వేరొకచోటి నుండి వచ్చింది. అది సర్వీసు నిబంధనలలో పుట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు దశాబ్దాల కాలంలోనే ఆ అంకె అయిదుసార్లు మారింది.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ఈ మార్పును పరిశీలించడానికి అనువైనవి. ఇక్కడ ప్రభుత్వ, పురపాలక పాఠశాలల్లో పనిచేసిన పండితుల పరంపర ఉంది. మగ్గం మీద బతికే కుటుంబాలున్నాయి. బంగారు పనివారున్నారు. వర్షాధార వ్యవసాయం, కూలిపని మీద ఆధారపడినవారు వీరందరి కన్నా ఎక్కువ. ఒకే వయోపరిమితి ఈ నాలుగు లోకాల్లో నాలుగు రకాలుగా పనిచేసింది. కొన్నిచోట్ల అసలు పనిచేయనే లేదు. ఆ తేడాలను చారిత్రకంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కుంపెనీ దొర, కూలి పండితుడు

పింఛను, వయసు, విద్వత్తు అనే మూడింటి సంబంధాన్ని కడప జిల్లాలో మొదట చూడదగింది చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితంలో. 1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. ఇక్కడే తెలుగు నేర్చుకొన్నాడు. తరువాతి కాలంలో కడపలోని తన బంగళాలో పండితులను నియమించి, వ్రాతప్రతులను సేకరింపజేసి, పరిష్కరింపజేశాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. 1855లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళేనాటికి ఆయన వయసు 56. నేటి లెక్కలో అది విశ్రాంతికి దగ్గరైన వయసే. అయితే మరో పదేళ్ళకు, 1865లో, లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఆయన నియమితుడయ్యాడు. 1884లో చనిపోయేదాకా తెలుగు ఆయన వ్యాసంగంగానే ఉంది.

ఇందులో బ్రౌన్ పట్టుదల ఎంత ఉందో కుంపెనీ ఉద్యోగ వ్యవస్థ ఇచ్చిన భద్రతా అంతే ఉంది. అప్పుల బాధలు ఆయనకూ తప్పలేదు. కాని ఉద్యోగం వదిలిన తరువాత ఏం తినాలన్న ప్రశ్న ఆయన పండితులకు ఎదురైనట్టు ఆయనకు ఎదురు కాలేదు. జూలూరి అప్పయ్య వంటి పండితులు జీతానికి పనిచేసినవారు. ప్రతిని శుద్ధి చేసినంత కాలం జీతం, కన్ను ఆనకపోతే లేదు. బ్రౌన్ గురించి వచ్చిన రచనల్లో ఈ అంశానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. వ్రాతప్రతుల పరిష్కరణ పూర్తిగా కంటిపని. తాటాకు మీది గంటపు గీతను చదివే పండితుడికి చత్వారమే అసలైన వయోపరిమితి.

ఈ కథకు ఇరవయ్యో శతాబ్దంలో ఒక కొనసాగింపు ఉంది. ఇంగ్లీషు అధ్యాపకుడుగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి, కడపలో బ్రౌన్ బంగళా శిథిలాలు మిగిలిన స్థలంలోనే ఆయన పేరిట గ్రంథాలయాన్ని నిలబెట్టే పనిని తలకెత్తుకొన్నారు. ఆయన మలివయసంతా ఆ పనికే ఖర్చయింది. విరాళాల కోసం గడప గడపా తిరిగారు. తరువాత అది యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమైంది. 2014లో కన్నుమూసేదాకా శాస్త్రిగారి పేరు ఆ సంస్థకు పర్యాయపదంగానే ఉండింది. ఉద్యోగంలో ఉన్న నాటి పని కన్నా విరమణ తరువాతి పని వల్లనే జిల్లా ఆయనను గుర్తుపెట్టుకొంది.

ప్రొద్దుటూరు పండితుల ఉత్తరవయస్సు

మద్రాసు ప్రభుత్వ కాలం నుండి సంక్రమించిన నిబంధన ప్రకారం సాధారణ ప్రభుత్వోద్యోగి విరమణ వయసు 55. చివరి తరగతి ఉద్యోగులకు మాత్రం ఇది 60. ఈ తేడా ఆలోచించదగినది. బల్ల ముందు కూర్చొని రాసే గుమాస్తా 55కే అలసిపోయినట్టు, బరువులు మోసి తపాలా పంచే బంట్రోతు 60 దాకా దృఢంగా ఉండగలిగినట్టు ఆ నిబంధన భావించిందనుకోవాలి. నిజానికి దాని వెనుక శరీరశాస్త్రం ఏమీ లేదు. తక్కువ జీతగాడికి పింఛను తక్కువ కాబట్టి మరికొంత కాలం జీతం అందనిచ్చారు. వయోపరిమితి ఆరోగ్యానికి కాక ఖజానాకు సంబంధించిన లెక్క అనడానికి ఇదొక తొలి ఆధారం.

ఈ 55 ఏళ్ళ గీతను ప్రొద్దుటూరు పండితుల జీవితాల మీద పెట్టి చూస్తే ఆసక్తికరమైన విషయాలు తెలుస్తాయి. జమ్మలమడుగు తాలూకా నెమళ్ళదిన్నెలో 1894లో జన్మించిన గడియారం వేంకటశేషశాస్త్రి, జమ్మలమడుగులో 1888లో జన్మించిన దుర్భాక రాజశేఖర శతావధాని కలిసి ‘రాజశేఖర వేంకటశేషకవులు’గా అవధానాలు చేశారు. దుర్భాకవారి ‘రాణాప్రతాపసింహ చరిత్ర’ 1934లోను, గడియారంవారి ‘శివభారతం’ 1943లోను వెలువడ్డాయి. అంటే అవధానంలో పేరు తెచ్చుకొన్న ఇద్దరూ తమ ప్రధాన కావ్యాలను నలభైల రెండో సగంలో లోకానికిచ్చారు. గడియారంవారు ప్రొద్దుటూరు పురపాలక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. 1949లో ఆయనకు 55 నిండాయి. 1980లో పరమపదించారు. 55 తరువాత ఆయనకు మిగిలిన ముప్పై ఏళ్ళు ‘శివభారత’ కవిగా, పెద్దగా, కొత్తవారి పద్యాలు విని సవరించే గురువుగా గడిచినవే.

పుట్టపర్తి నారాయణాచార్యుల సంగతి మరింత స్పష్టమైనది. ఆయన విషయంలో వయసుకూ అర్హతకూ మొదటి నుండీ పొత్తు కుదరలేదు. బాల్యంలో రాసిన ‘పెనుగొండ లక్ష్మి’ తరువాత తాను రాసిన విద్వాన్ పరీక్షకే పాఠ్యగ్రంథమైన సంగతి ప్రసిద్ధం. రాసే వయసు రాకముందే కావ్యం రాశారు. చదువుకోవలసిన వయసులో తన పుస్తకాన్నే తాను చదువుకోవలసి వచ్చింది. ప్రొద్దుటూరు, కడపల్లోని ఉన్నత పాఠశాలల్లో ఆయన తెలుగు బోధించారు. 1914లో పుట్టిన ఆచార్యులవారికి 55 నిండింది 1969లో. పద్మశ్రీ వచ్చింది 1972లో. ‘జనప్రియ రామాయణం’ ఆయన ఉత్తరవయస్సును ఆక్రమించిన రచన. 1990లో కీర్తిశేషులయ్యేదాకా ఆయన చదవడం, రాయడం, నేర్పడం ఆపలేదు.

బడిపంతులుగా ఉన్నవారికి ఇది ఎలా సాధ్యమైంది? వారి పనిలో ఉద్యోగం ఒక భాగం మాత్రమే. పాఠశాల గంట కొట్టిన తరువాత మొదలయ్యే రెండో జీవితం వారికి మొదటి నుండీ ఉంది. విరమణ నాడు ఆగిపోయింది గంట మాత్రమే. ఉద్యోగమే మొత్తం జీవితమైన గుమాస్తాకు, లెక్కల సూపరింటెండెంటుకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఈ మహనీయుల ఉదాహరణలు చూపి ‘వయసు ఒక అంకె మాత్రమే’ అనడం తేలిక గాని, అది అందరికీ అన్వయించే మాట కాదు.

వైద్యుడుగా, రచయితగా, రాజకీయ కార్యకర్తగా ప్రొద్దుటూరులో జీవించిన ఎం.వి. రమణారెడ్డిని ఇదే వరుసలో చెప్పుకోవాలి. 1944లో పుట్టి 2021లో మరణించిన ఆయన ‘రాయలసీమ కన్నీటి గాథ’తో నడివయసుకు ముందే గుర్తింపు పొందారు. 1983లో ప్రొద్దుటూరు నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. తరువాత క్రియాశీల రాజకీయాలు తగ్గినకొద్దీ ఆయన కలం వేగం పెరిగింది. అనేక భాగాల ‘టూకీగా ప్రపంచ చరిత్ర’ ఆ మలిదశ పంట. డాక్టరుకు విరమణ తేదీ లేదు, రచయితకూ లేదు. శాసనసభ్యుడికి కనీస వయసు 25 అని రాజ్యాంగం చెప్పింది కాని, గరిష్ఠ వయసు చెప్పలేదు.

1983: ఒక ఉత్తర్వు, రెండు తీర్పులు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1979 అక్టోబరులో విరమణ వయసును 55 నుండి 58కి పెంచింది. కేంద్రప్రభుత్వం 1962లోనే ఈ పని చేసింది. 1983 జనవరిలో తెలుగుదేశం పార్టీ అధికారంలోకి వచ్చిన నెలరోజులకే, ఫిబ్రవరి 8న, ఆ వయసును తిరిగి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. అప్పటికే 55 దాటినవారందరూ ఫిబ్రవరి 28న ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ఆనాడు విరమణ చేయించబడినవారు ప్రభుత్వ శాఖల్లో పద్దెనిమిది వేలకు పైగా, ప్రభుత్వరంగ సంస్థల్లో సుమారు పదివేల మంది. నిరుద్యోగ యువతకు అవకాశం కల్పించడం ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ ఉత్తర్వు ఇచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు 1923లో జన్మించారు. అప్పటికి ఆయనకు 59 ఏళ్ళు. సుదీర్ఘమైన నట జీవితం ముగించి కొత్త వృత్తిలో అడుగుపెట్టిన ఏడాది అది. ఈ వైచిత్రి ఆనాటి ఉద్యోగుల దృష్టిని దాటిపోయి ఉంటుందనుకోలేం.

ఉద్యోగులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. కె. నాగరాజ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1985 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. వయసు తగ్గింపు ఏకపక్షం కాదని, యువతకు ఉపాధి కల్పించడం ప్రభుత్వం పెట్టుకోదగిన లక్ష్యమేనని అభిప్రాయపడింది. కాని అప్పటికే పరిస్థితి మారిపోయింది. 1984 ఆగస్టు సంక్షోభంలో కొద్దికాలం అధికారంలో ఉన్న నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం ఆగస్టు 23న వయసును మళ్ళీ 58 చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. రామారావు తిరిగి అధికారంలోకి వచ్చిన తరువాత కూడా 58 కొనసాగింది. కాని మధ్యకాలంలో ఇంటికి పంపబడినవారిని తిరిగి తీసుకోనక్కరలేదని చట్టం చెప్పింది. దీనిపై బి. ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి భాగస్వామిగా ఉన్న ధర్మాసనం 1985 ఆగస్టులో ఉద్యోగుల పక్షాన తీర్పు చెప్పింది. 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ మధ్య విరమించినవారిలో 58 నిండనివారిని విధుల్లోకి తీసుకోవాలని, నిండినవారికి పరిహారం ఇవ్వాలని ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పుల ఫలితాన్ని పుట్టినతేదీలతో లెక్కవేస్తే అసలు విషయం బయటపడుతుంది. 1926 మార్చిలో పుట్టిన ఉపాధ్యాయుడు 1983 ఫిబ్రవరిలో ఇంటికి పోయాడు. అతనికి 58 నిండింది 1984 మార్చిలో, ఆర్డినెన్సు కన్నా ముందే. 1927 జనవరిలో పుట్టినవాడికి ఆర్డినెన్సు నాటికి ఇంకా కొన్ని నెలల సర్వీసు మిగిలి ఉంది కాని, తీర్పు వచ్చే నాటికి ఏమీ మిగల్లేదు. ఈ ఇద్దరికీ దక్కేది డబ్బు మాత్రమే. తీర్పును పట్టుకొని మళ్ళీ తరగతిగదిలో అడుగుపెట్టగలిగింది 1927 ఆగస్టు తరువాత పుట్టినవారు. న్యాయం గెలిచింది. కాని కాలం అప్పటికే చాలా భాగం వసూలు చేసుకొని పోయింది.

పుట్టినతేదీ అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగాలి. పల్లెల్లో జననాల నమోదు అంతంతమాత్రంగా ఉన్న కాలంలో పిల్లవాడిని బడిలో చేర్చినప్పుడు అయ్యవారు అంచనాతో వేసిన తేదీయే అధికారిక జన్మదినం. బడులు తెరిచే రోజులకు సరిపోయేలా జూన్, జూలై నెలలు వేయడం పరిపాటి. పుట్టినతేదీ నమోదు, సవరణల మీద రాష్ట్ర ప్రభుత్వం 1984లో ప్రత్యేక నిబంధనలే చేసింది. సర్వీసు పుస్తకంలోకి ఎక్కిన తేదీని ఆ తరువాత మార్చుకోవడం దాదాపు అసాధ్యమైంది. జూలై 1 పుట్టినతేదీగా ఉన్నవారు జూన్ నెలాఖరున విరమించాలి. అరవై ఏళ్ళ కిందట పలక చేతపట్టిన పిల్లవాడి ఎత్తు చూసి అయ్యవారు వేసిన అంచనా, ఒక కుటుంబం ఆదాయం ఏ నెలలో సగానికి పడిపోవాలో నిర్ణయించింది.

రాష్ట్ర విభజన తరువాత 2014 జూన్ 2 నుండి ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 60 అయింది. 2022 జనవరి నుండి 62. 1983లో వయసు తగ్గించడానికి చెప్పిన కారణం నిరుద్యోగం. 2022 నాటికి నిరుద్యోగం పోలేదు. అయినా వయసు పెరిగింది. విరమించేవారికి ఒకేసారి చెల్లించవలసిన గ్రాట్యుటీ తదితర ప్రయోజనాల భారం వాయిదా పడడం ఇందులో ఒక కారణమన్న వాదన బలంగా వినిపించింది. ఏది ఏమైనా అంకె మారిన ప్రతిసారీ ఉద్యోగి శరీరం మారలేదు, ప్రభుత్వ అవసరం మారింది.

మగ్గం గుంటలో

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైలవరం, పులివెందుల ప్రాంతాల చేనేత కుటుంబాల్లో విరమణ అన్న మాట లేదు. దానికి బదులు పని మారుతుంది. గుంటమగ్గంలో కాళ్ళు దింపుకొని నాడె విసిరే పని వయసులో ఉన్నవారిది. నడుము, మోకాళ్ళు మొరాయించినప్పుడు ఆ మనిషి మగ్గం దిగుతాడు, ఇల్లు దిగడు. పడుగు సరిచూడడం, తెగిన పోగులు అతకడం, రాట్నం మీద కండెలు చుట్టడం అతని వంతుకు వస్తాయి. ఆడవారు మొదటి నుండీ ఈ పనులే చేస్తారు కనుక వారి విషయంలో ఆ మార్పు కూడా పైకి కనిపించదు. కండెలు చుట్టే ముసలమ్మ పనిని నేత కూలిలో విడిగా లెక్కకట్టరు. చీరకు ఇచ్చే మజూరీలో ఆమె శ్రమ కలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ రాజ్యం గీసిన గీత మరో దిక్కు నుండి వస్తుంది. 1995 ఆగస్టు 15న దేశంలో ప్రారంభమైన జాతీయ వృద్ధాప్య పింఛను పథకం 65 ఏళ్ళు పైబడిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు కేంద్ర సహాయంగా నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను అర్హత 2019లో 65 నుండి 60కి తగ్గింది. చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు మాత్రం ఆ అర్హత 50 ఏళ్ళే. 2024 జూలై నుండి ఈ పింఛను నెలకు 4,000 రూపాయలు. ఉద్యోగి 62 దాకా పనికి సమర్థుడని చెప్పే ప్రభుత్వమే నేతగాడు 50కి అరిగిపోతాడని ఒప్పుకొంటున్నది. ఈ రెండో మాటలో నిజం ఎక్కువ ఉంది. గుంటలో దశాబ్దాలు కూర్చున్న నడుము, వెలుతురు చాలని గదిలో పోగులు లెక్కపెట్టిన కళ్ళు దానికి సాక్ష్యం. అయితే 50 నిండిన నేతగాడు పింఛను అందుకొని పని మానడు. మానితే ఆ డబ్బుతో ఇల్లు గడవదు. అతని పింఛను విశ్రాంతి కోసం కాదు, తగ్గిన చేతివేగాన్ని భర్తీ చేయడం కోసం.

బంగారు వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో నగలు చేసే కంసాలివారి పరిస్థితి కొంత దీనిని పోలిందే. పొడి అతికే పనిలో, రాళ్ళు పొదిగే పనిలో చూపు తగ్గిన మేరకు పని తగ్గుతుంది. అచ్చు నగలు, యంత్రాల మీద తయారైన నగలు వచ్చాక ఆ అనుభవానికి విలువ కూడా తగ్గింది.

పై హద్దు లేని చట్టం

పులివెందుల చుట్టుపక్కల మెట్ట గ్రామాల్లో కూలిపని చేసే వృద్ధులకు సంబంధించి అన్నిటి కన్నా పెద్ద మార్పు 2006లో వచ్చింది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం అమలు ఆ ఏడాది ఫిబ్రవరి 2న పొరుగున ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ప్రారంభమైంది. తొలివిడత జిల్లాల్లో కడప కూడా ఉంది. 2005 నాటి ఆ చట్టం పని కోరేవారికి 18 ఏళ్ళు నిండాలన్నది. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. సర్వీసు నిబంధనలకు పూర్తిగా భిన్నమైన ఆలోచన ఇది. మనిషి ఇంకా పనిచేయగలడా లేదా అన్నది కార్యాలయం కాక ఆ మనిషే తేల్చుకొంటాడు.

ఆచరణలో మరో హద్దు ఏర్పడింది. కూలి రోజుకు కాక తవ్విన కొలతకు లెక్కగడతారు. గుంపుగా పనిచేసి, గుంపుగా కొలత వేయించుకొంటారు. గట్టినేలలో గుంత తీసే పనిలో అరవై దాటిన మనిషి ఉంటే మిగిలినవారి కూలి తగ్గుతుంది. అందుచేత చట్టం అడ్డుపెట్టని చోట గుంపు అడ్డుపెట్టే అవకాశం ఉంది. నీళ్ళు అందించడం, పసిపిల్లలను చూసుకోవడం వంటి పనులు చట్టంలోనే ఉన్నందున కొందరు పెద్దవారికి అక్కడ చోటు దొరికింది. పెద్దమనిషిని వదల్లేక గుంపులో కలుపుకొని, అతని వంతు మట్టి తామే తీసే బంధువులూ ఉంటారు. ఏ రికార్డులోనూ ఇది ప్రత్యేకంగా నమోదు కాదు.

లోపలికి వచ్చే వాకిలి

వయోపరిమితి చర్చ ఎక్కువగా బయటికి పంపే వయసు చుట్టూనే జరిగింది. లోపలికి రానిచ్చే వయసు గురించి అంత జరగలేదు. 2025 డీఎస్సీలో సాధారణ అభ్యర్థులకు గరిష్ఠ వయసు 44 ఏళ్ళు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు 49. నియామక ప్రకటనలు ఏళ్ళ తరబడి రాని రాష్ట్రంలో ఈ అంకెలు అభ్యర్థి తప్పు లేకుండానే అతన్ని దాటిపోతాయి. ప్రైవేటు పాఠశాలల్లో, కోచింగు కేంద్రాల్లో పాఠాలు చెబుతూ ప్రకటన కోసం ఎదురుచూసే పట్టభద్రులు ప్రొద్దుటూరు వంటి విద్యాకేంద్రాల్లో ప్రతి తరంలోనూ ఉన్నారు.

దీనికి తీవ్రమైన ఉదాహరణ 1998 డీఎస్సీ. ఎంపిక ప్రక్రియపై వచ్చిన వివాదాల వల్ల ఉద్యోగం దక్కని అర్హులు రెండు దశాబ్దాలకు పైగా న్యాయస్థానాల చుట్టూ, సచివాలయం చుట్టూ తిరిగారు. వారికి ఉద్యోగాలివ్వాలన్న నిర్ణయం 2022 జూన్‌లో జరిగింది. నియామకాలు 2023లో జరిగాయి. అవి క్రమబద్ధమైన కొలువులు కావు. కనీస వేతన స్కేలుపై ఒప్పంద ప్రాతిపదికన ఇచ్చినవి. అప్పటికే వయసు మీరినవారికి ఆ అవకాశమూ లేకపోయింది. పరీక్ష రాసినప్పుడు ముప్పై ఏళ్ళున్న అభ్యర్థి నియామక పత్రం అందుకొనేసరికి యాభై అయిదుకు చేరువయ్యాడు. మధ్యలోని పాతికేళ్ళలో అతను సేద్యం చేశాడు, దుకాణం పెట్టాడు, బట్టల మూట నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగాడు, లేదా ట్యూషన్లు చెప్పాడు. 1969 నాటి నిబంధన ప్రకారమైతే పుట్టపర్తివారి వంటి పండితుడిని సైతం ఇంటికి పంపే వయసులో, ఈ ఉపాధ్యాయుడు మొదటిసారి ప్రభుత్వ పాఠశాల హాజరుపట్టీలో సంతకం చేశాడు. ఆ పట్టీలో అతని పక్కన సంతకం చేసే సహోద్యోగుల్లో కొందరు అతను పరీక్ష రాసిన ఏడాదికి ఇంకా బడిలో చేరనివారు.